చార్వాకుని కుండ

చైతన్యము దేహముకంటె వేరైన వస్తువా, లేక దేహమును కూర్చిన భూతముల కలయికలో పుట్టి ఆ కలయిక చెదరగానే నశించు గుణమా యను ప్రశ్నకు మన దర్శనములలో చార్వాకుడు చెప్పిన సమాధానము ప్రసిద్ధము. ఆ సమాధానమునకు అతడు తెచ్చిన దృష్టాంతము మఱింత ప్రసిద్ధము. ధాన్యమునందు గాని, బెల్లమునందు గాని, వానిని పులియించు కిణ్వమునందు గాని విడివిడిగా కానరాని మత్తు, ఆ ద్రవ్యములొక కుండలో చేరి కొన్నాళ్లు నిలువయున్నప్పుడు ఎట్లు ఉదయించుచున్నదో, అట్లే పృథివి, జలము, తేజస్సు, వాయువు అను నాలుగింటిలో ఏ యొక్కదానియందును లేని తెలివి, అవి దేహాకారమున పరిణమించినప్పుడు ఉదయించుచున్నదని ఆతని వాదము. ఆకు, వక్క, సున్నము కలిసినప్పుడు నోట పుట్టు ఎఱుపును గూడ ఈ పక్షమువారు ఉదాహరించినట్లు సర్వసిద్ధాంత సంగ్రహమున కలదు గాని, ప్రతిపక్షులు పట్టుకొని కూర్చున్నది తాంబూలమును కాదు, మద్యమునే. బ్రహ్మసూత్రముల మూడవ అధ్యాయమున దేహాత్మవాదమును విచారించుచు శంకరులు దీనిని స్మరించిరి. సాంఖ్యసూత్రములలో దీనికి ప్రత్యేకముగా నొక సమాధానమే యున్నది. 14వ శతాబ్దమున మాధవాచార్యులు సర్వదర్శన సంగ్రహమును చార్వాకునితోనే ప్రారంభించి, ఈ దృష్టాంతమును గ్రంథద్వారముననే నిలిపిరి. చార్వాకుని మూలగ్రంథము మనకు దక్కలేదు. ఆతడు చెప్పినదంతయు ఆతని ప్రత్యర్థుల నోటనే వినవలసి వచ్చినది. అయినను ఈ యొక్క దృష్టాంతము మాత్రము ఎందఱు కాదన్నను చెక్కుచెదరక నిలిచినది.

ఇందొక వింత కలదు. ఘటమును గూర్చి వ్రాసిన నైయాయికుడు కుమ్మరివాడలో నిలిచి చక్రమును, దండమును లెక్కపెట్టినాడు; పటమును గూర్చి వ్రాసినవాడు సాలెవాని మగ్గమునొద్ద కూర్చుండి తురీవేమాదులను పేరుపేరున చెప్పినాడు; మద్యమునకు వచ్చునప్పటికి మాత్రము అందఱును ముక్కు మూసికొని దాటిపోయినారు. మనువు సురను గౌడి, పైష్టి, మాధ్వి యని మూడుగా విభజించి సురాపానమును మహాపాతకములలో చేర్చిన దేశమున ఇది సహజమే. కాని త్రాగకుండుట వేఱు, చూడకుండుట వేఱు. కుండలోనికి తొంగిచూచి కిణ్వమనగా నేమో చెప్పినవాడు దార్శనికుడు కాడు, కౌటిల్యుడు. మినుముల ముద్ద యెంత, దానికి మూడవ వంతు అధికముగా బియ్య మెంత, మోరట మొదలగు మూలిక లెన్ని కర్షములు అని అర్థశాస్త్రమున సురాధ్యక్ష ప్రకరణమునందు కొలతలతో సహా ఆతడు వ్రాసిపెట్టినాడు. వైదికులకు గూడ ఈ విద్య పూర్తిగా అపరిచితము కాదు. సౌత్రామణి యను ఇష్టిలో మొలకెత్తిన యవలు, మొలకెత్తిన వడ్లు, పేలాలు, నగ్నహు వను కిణ్వము చేర్చి మూడు రాత్రులు నిలువయుంచిన సురనే దేవతలకు గ్రహములుగా ఇచ్చెడివారు. మన తెలుగు వైదికులలో పెక్కురు అధ్యయనము చేయు తైత్తిరీయ శాఖయందే ఆ ప్రకరణ మున్నది. పిమ్మటి నిబంధనకారులు దానిని కలివర్జ్యములలో చేర్చి చేతులు కడుగుకొనిరి. మంత్రము మిగిలినది, కుండ పోయినది.

నాకు ఆ కుండ కనబడినది అమెరికాలో, ఓరిగన్ రాష్ట్రమందలి పోర్ట్‌లండు నగరమున, మా మేనల్లుని యింట కారు నిలుపు కొట్టములో. ఆ దేశమున ఇంటిలో బీరు కాచుకొనుట నేరము కాదు. 1978లో కార్టరు అధ్యక్షుడు సంతకము చేసిన చట్టము ప్రకారము, ఇద్దఱు పెద్దవారున్న కుటుంబము సంవత్సరమునకు 200 గ్యాలనుల వఱకు పన్ను లేకుండ, అమ్మకుండ, తన వాడకమునకు కాచుకొనవచ్చును. కౌటిల్యుడు గూడ గృహస్థులకు శుభకార్యములందు శ్వేతసురను కాచుకొను అనుమతియు, ఉత్సవములలోను జాతరలలోను నాలుగు దినముల వెసులుబాటును ఇచ్చియున్నాడు గనుక, కార్టరు చేసినది మఱీ అపూర్వమైన పని కాదు. మా వాడు తెప్పించుకొన్నది పోర్టరు అను నల్లబీరు కిట్టు. అట్టపెట్టె నిండ ధాన్యమే: ఇంచుమించు అయిదు కిలోల బార్లీ, నాలుగు తీరులుగా వేఱువేఱు సంచులలో, హాప్స్ పువ్వులను పొడిచేసి మాత్రలుగా ఒత్తిన చిన్న పొట్లములు రెండు, 11 గ్రాముల ఈస్టు పొట్లమొకటి, చేయవలసిన క్రమమును తెలుపు కాగితము. బార్లీరసమును ముందే చిక్కగా కాచి డబ్బాలకెత్తి అమ్ముదురట. దానితో సగము శ్రమ తప్పును. గింజనుండి మొదలు పెట్టువారు ఆ డబ్బాను కొంత చిన్నచూపు చూతురని మా వాని ధోరణిని బట్టి తెలిసినది. అగ్నిహోత్రికి లౌకికాగ్నిపై ఉండు భావమే అది.

ఆ నాలుగు సంచులలోని ధాన్యమును పళ్లెరమున ప్రక్కప్రక్కనే పోసి చూచితిని. నాలుగును ఒకే జాతి గింజలు. నాలుగును నీట నాని మొలకెత్తినవే. భేదమంతయు మొలకెత్తిన పిదప తగిలిన వేడిలోనే కలదు. మొదటిది సన్నని సెగపై ఎండినది, గడ్డిరంగు. రెండవది తడి యారకముందే వేడిచేయుటచే లోపలి పిండి పాకమై గాజువలె గట్టిపడినది. మూడవది ముదురు గోధుమ వన్నె. నాలుగవది బొగ్గునలుపు, కొఱికి చూడగా మాడిన కాఫీగింజ చేదు. ఈ నాలుగవదానిని 1817లో లండనున డేనియల్ వీలరు అనునతడు తిరుగుడు పీపాలో వేయించు పద్ధతికి పేటెంటు పుచ్చుకొన్న నాటినుండి, నల్లబీరున కంతకును నలుపు గుప్పెడు గింజలతోనే వచ్చుచున్నది. అంతకుముందు పోర్టరు కాచువారు మొత్తము ధాన్యమును కట్టెలపొగపై ఎఱ్ఱగా ఎండించెడివారు. హైడ్రోమీటరు వాడుకలోనికి వచ్చి, అట్టి ధాన్యము ఖరీదునకు తగినంత తీపి నీయదని తేల్చినది. వెల తక్కువ యని తెచ్చుకొన్నది వెల యెక్కువ యని ఒక గాజుగొట్టము చెప్పినది.

ఇక్కడ తర్కము చదువుకొన్నవానికి పీలుపాక పిఠరపాక వివాదము జ్ఞప్తికి రాకపోదు. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున రూపరసగంధస్పర్శలు పృథివియందు పాకజములని చెప్పి, దీపికలో ఆ వివాదమును సంగ్రహించినాడు. ఆవములో కుండ ఎఱ్ఱబడునప్పుడు అది పరమాణువుల వఱకు విడిపోయి, పరమాణువులందు క్రొత్త రూపము పుట్టి, మరల కుండగా కూడుకొనునని వైశేషికులు. కుండ కుండగానే యుండగా సూక్ష్మరంధ్రముల ద్వారా అగ్ని చొచ్చి రూపమును మార్చునని నైయాయికులు. నల్లని గింజ నొకదానిని గోటితో చీల్చి చూచితిని. పొట్టు మొదలు నడిగర్భము వఱకు రంగు ప్రాకినది. గింజ ఆకృతి మాత్రము ఎక్కడను చెడలేదు, చాలుమీది గీటు గూడ అట్లే యున్నది. నైయాయికునిదే పైచేయి యని నాకు తోచినది. వైశేషికుడు మాత్రము, విడిపోయి కూడుకొనుట నీవు చూడలేనంత వేగముగా జరిగినదని తప్పించుకొనక మానడు.

గింజలను చిన్న తిరుగలిలో కచ్చాపచ్చాగా విసరి, మూతగల పీపాలో 67 డిగ్రీల వేడినీటితో కలిపి, కదలక మెదలక ఒక గంటసేపు ఉంచవలెను. చార్వాకుని వాదమునకు ఇది తొలి పరీక్ష. నానిన గింజలోని పిండి తీపిగా మాఱుట కీ గంటయే చాలును. మార్చునది మొలకెత్తిన గింజలోనే పుట్టిన యొక పదార్థము. 1833లో ఫ్రాన్సునందు పాయెన్, పెర్సో అను రసాయనజ్ఞు లిరువురు దానిని మాల్టునుండి వేఱుచేసి డయాస్టేసు అని పేరు పెట్టిరి. వేడి 80 దాటినచో ఆ శక్తి నశించును. నల్లగింజలలో అది వేపుడు పీపాలోనే నశించినది. కాబట్టి ఈ పీపాలో నల్లగింజ తన పిండిని తాను తీపి చేసికొనలేదు. దానికొఱకు గూడ తెల్లగింజయే పనిచేయవలెను. మా వాడు గంట గడువకముందే తెల్లని సాసరుపై ఆ రసము నొక బొట్టు వేసి, దానిప్రక్క అయోడిను బొట్టు వేసి రెంటిని కలిపినాడు. కలిసిన చోట నీలిసిరా వంటి నలుపు తేలినది. పిండి యింకను మిగిలియున్నదన్నమాట. గంట నిండిన పిదప మరల వేసినప్పుడు అయోడిను తన గోధుమవన్నె విడువలేదు. ఆ గింజలు మొలకెత్తి, ఎండి, పిండియై ఎన్ని నెలలైనదో. వానిలో జీవమున్నదని ఎవ్వరును అనరు. అయినను మునుపు లేని తీపి యొక గంటలో, జీవి ప్రమేయము లేక, కండ్లముందు పుట్టినది. చార్వాకుడు ఇంతవఱకు నెగ్గినాడు.

పిదప ఆ రసమును వడగట్టి, ఒక గంట తెర్లించి, హాప్స్ చేదు పట్టించి, గది వేడికి చల్లార్చి, పెద్ద గాజుకూజాలోనికి దించి, ఈస్టు పొట్లమును చింపి పైన చల్లినారు. హైడ్రోమీటరు అప్పుడు 1.052 చూపినది. రెండు వారముల పిదప 1.013కు దిగి నిలిచినది. ఆ దిగుదలయే మద్యముగా మాఱిన చక్కెర, లెక్కకట్టినచో నూటికి అయిదు పాళ్లు. కాని చార్వాకుని చిక్కంతయు ఆ పొట్లములోనే కలదు. మా వాడు దానిని వెలుతురులో ఆడించుచు నవ్వి యన్నమాట ఇది:

"మామయ్యా, మీ చార్వాకుడు దీన్ని బియ్యం, బెల్లంతో పాటు లెక్కేశాడు కదా. ఇది సరుకు కాదు. ప్రాణమున్నది. ఒక్కొక్క గ్రాములో వందల కోట్లు."

మాట నిజము. 1837 ప్రాంతమున కాన్యార్ ద లా తూర్, ష్వాన్, క్యూట్‌సింగు అను ముగ్గురు ఒకరి నొకరు ఎఱుగక, పులియుటకు కారణమైనది జీవియే యని సూక్ష్మదర్శినితో చూచి చెప్పినారు. నాటి రసాయనశాస్త్ర చక్రవర్తులైన లీబిగు, వ్యోలరులకు ఈ మాట ఎంత రోత పుట్టించినదనగా, 1839లో తమ పత్రికలోనే పేరు లేకుండ ఒక వెటకారపు వ్యాసము వెలువరించిరి: బట్టీబుడ్డి ఆకారము గల సూక్ష్మజంతువులు చక్కెరను మ్రింగి, ఒక ద్వారమున మద్యమును, మఱియొక ద్వారమున వాయువును విసర్జించుచున్నవట! అపహాస్యమునకై కల్పించిన ఆ చిత్రము నిజమునకు చాల దూరము కాకపోవుటయే అందలి హాస్యము. పాశ్చరు వచ్చి, జీవము లేక మద్యము లేదని 1860 నాటికి స్థాపించినాడు. 1876లో బీరును గూర్చి గ్రంథమే వ్రాసినాడు. అనగా చార్వాకుని దృష్టాంతము తలక్రిందులైనది. జడముల కలయిక వలన శక్తి పుట్టునని చెప్పుటకు ఆతడు చూపిన కుండలో పనిచేయుచున్నది జడము కాదు, జీవి.

మన దేశమున ఈ దెబ్బను ముందే కొట్టగలిగినవాడు జైను డొక్కడే. మద్యము అసంఖ్యాక జీవులకు యోని యగుటచే దానిని త్రాగువాడు హింస చేసినవాడగునని పురుషార్థసిద్ధ్యుపాయమున అమృతచంద్రసూరి నిషేధించినాడు. ఆయన చేత భూతద్దము లేదు. సర్వత్ర జీవమును శంకించు సిద్ధాంతబలముననే అనుమాన మంత దూరము పోయినది. మన ఊళ్లలో కల్లు గీయువారికి గూడ ఆచరణలో ఈ సంగతి తెలియును. కుండకు లోపల సున్నము పూసినచో కల్లు పులియక తీపిగా నుండునని, పూయకున్నచో ప్రొద్దెక్కులోపలనే పొంగునని వారికి ఎవ్వరును చెప్పనక్కరలేదు. నైయాయిక వేదాంతులు కుండను చూచియుండినచో, ఖండనము నంతగా సాగదీయనక్కరలేకపోయెడిది.

కాని పాశ్చరు విజయము చివరిమాట కాలేదు. 1897 ప్రాంతమున బుక్నరు అను శాస్త్రజ్ఞుడు ఈస్టును ఇసుకతోను, ఒకవిధమైన మెత్తని మట్టితోను చేర్చి నూఱి, జీవకణములను చితుకగొట్టి, గట్టిగా పిండి, వచ్చిన రసము చెడకుండుటకై పంచదార కలిపినాడు. ఆతని ఉద్దేశము మందుగా వాడుటయే. పంచదార కలిసిన ఆ రసము, ఒక్క జీవకణమైనను లేనిదై, బుడగలు వేసి పులిసినది! ఈ పనికే 1907లో ఆతనికి నోబెలు బహుమాన మిచ్చిరి. పీపాలోని తీపికి డయాస్టేసు ఎట్లో, కూజాలోని మత్తునకు ఈస్టునందలి అట్టి పదార్థములే కారణములు. జీవి వానికి పుట్టిల్లు గాని పనిముట్టు కాదు. చార్వాకుడు మరల లేచినాడు. పొట్లములో నెలల తరబడి ఎండి, ఊపిరి లేక, ఆకలి లేక పడియుండి గోరువెచ్చని తడి తగులగానే మేల్కొను ఆ పొడిని చూచితినేని, అది అప్పటివఱకు బ్రదికియుండెనా, చచ్చియుండెనా యను ప్రశ్నకు గూడ ఆతని సమాధానమే సులభముగా కనబడును: అమరిక చెడలేదు, కావున తడి రాగానే పని సాగినది. శక్తి ప్రత్యేకద్రవ్యములందు సూక్ష్మముగా ముందే కలదను సాంఖ్యుని సమాధానము నాకు ఇక్కడ మనసున కెక్కదు. బార్లీలో మద్యము సూక్ష్మముగా నున్నదనుట, అడవిలో రథము సూక్ష్మముగా నున్నదనుట వంటిదే. కాదనుటకును వీలులేదు, దానివలన తెలిసికొన్నదియు లేదు.

ఇంతకును నేను ఆస్తికుడను. చార్వాకుని గెలిపించుట నాకు వ్రతము కాదు. అయినను కుండను కడవఱకు అనుసరించి చూచిన పిమ్మట, ఆతనికి ఈయవలసినది ఇచ్చివేయుటయే మర్యాద యని నాకు నిశ్చయమైనది. కలయికనుండి అపూర్వశక్తి పుట్టును. దానికి జీవి కూడ అడ్డుగాని, తప్పనిసరి గాని కాదు. ఆతడు పొరపడినది ఇంతకు పై మెట్టున. కూజాలోని బీరునందు మదశక్తి యున్నది, మదము లేదు. నూటికి అయిదు పాళ్ల మద్యముతో రెండు వారములు నిండియున్న ఆ గాజుకూజా తూలలేదు, పాడలేదు, పాతస్నేహితుని తలచుకొని కంటనీరు పెట్టలేదు. మత్తు మత్తుగా నగుట త్రాగినవానియందే. చైతన్యమును పుట్టించి చూపుటకై తెచ్చిన దృష్టాంతము, తాను సఫలమగుటకే ఒక చేతనుని బయటినుండి పిలిపించుకొనుచున్నది. భూతములను తెలిసికొనునది భూతముల ధర్మము కాజాలదు, అగ్ని తన్ను తాను దహించుకొననట్లు, అని శంకరులు చెప్పిన యుక్తికి కుండ యొద్ద ఇంతకంటె స్పష్టమైన రూపము దొరకదు.

చార్వాకుడు ఊరకుండునా? ఆ బయటి చేతనుడు నిజముగా వేఱైనచో, రెండు లోటాల బార్లీనీరు ఆతని తెలివిని ఏల తాఱుమాఱు చేయుచున్నదని అడుగును. ఇది గట్టి ప్రశ్న. దీనికి వేదాంతి చెప్పు సమాధానము ఛాందోగ్యమునందే యున్నది. ఉద్దాలకుడు శ్వేతకేతుని పదునైదు దినములు నీరు మాత్రము త్రాగి ఉపవసింపుమని, పిమ్మట వేదము చెప్పుమన్నాడు. పండ్రెండేండ్లు చదివిన కుఱ్ఱవానికి ఒక్క ఋక్కు స్ఫురించలేదు. అన్నము తినివచ్చిన పిదప అన్నియు స్ఫురించినవి. మనస్సు అన్నమయ మని తండ్రి నిరూపణము. అన్నమయమైన మనస్సును అన్నవికారమైన మద్యము కలతపెట్టుటలో విచిత్రమేమున్నది? కలత మనస్సుది, దానిని చూచునది వేఱు. నిన్న నాకు తల తిరిగినదని నేడు చెప్పుకొనగలుగుట అందువలననే.

ఈ సమాధానమును మనము వల్లించుచున్నాము గాని, ఇందులో ఎంత ఒప్పుకొన్నామో గమనింపము. స్మృతి భౌతికము, పాండిత్యము భౌతికము, కోపము, లజ్జ, కవిత్వము, పదునైదు దినముల పస్తుతో ఆరిపోవు వేదవిద్య భౌతికము. చార్వాకుడు అడిగిన ఆస్తి యంతయు చార్వాకునికే వ్రాసియిచ్చి, వెలుతురు మాత్రము మనది యని నిలుపుకొనుచున్నాము. ఆస్తికులలో పెక్కురకు ఈ దానపత్రముపై సంతకము చేయుటకు మనస్కరింపదు; ఆత్మ యనగానే తమ గుణగణములు, తమ జ్ఞాపకములు మూటగట్టుకొని లోకాంతరమునకు పోవు తమవంటి వ్యక్తిని తలచుకొందురు. అట్టి ఆత్మను ఒక పోర్టరు బుడ్డి ఓడింపగలదు. ఉపనిషత్తు అట్టిదానిని రక్షింప బూనుకొనలేదు గనుక, దాని ఓటమికి నేను విచారింపను.

ఇక మిగిలినది మత్తు ముదిరి స్పృహ దప్పినవాని సంగతి. ఆ స్థితిలో సాక్షి యున్నదనుటకు ఆధారమేమి? సుషుప్తినుండి లేచినవాడు సుఖముగా నిద్రించితిననును. మూర్ఛనుండి లేచినవాడు అట్లనడు. సూత్రకారుడు గూడ మూర్ఛను జాగ్రదవస్థతో గాని, స్వప్నముతో గాని, సుషుప్తితో గాని చేర్చక సగము సంపత్తి యని వేఱుగా నిలిపినాడు. అక్కడ సాక్షి యున్నదని నేనన్నచో అది నా అనుమానమే, అనుభవము కాదు. కాని లేదని చార్వాకుడన్నచో అది గూడ అనుమానమే. ప్రత్యక్షముకంటె వేఱొక ప్రమాణము నొల్లనివాడు, తాను లేని చోట చైతన్యము లేకుండుటను ఏ కంటితో చూచినాడు? ఈ ఒక్క మెట్టుపై ఇద్దఱము సమానముగా నిలిచినాము. ఆతడు తన ప్రతిజ్ఞను మీఱి నిలిచినాడు, నేను మీఱక నిలిచితిని.

ఈ మాటనే మా మేనల్లునితో అన్నప్పుడు, వాడు సీసాలకు మూతలు బిగించుచు తల యెత్తకయే జవాబిచ్చినాడు: "ఆ మెట్టుదాకా పోయే రకం కాదు మామయ్యా ఇది. రెండు గ్లాసులకే కడుపు నిండిపోతుంది."